అడుగుట అవిశ్వాసమా?

మన తెలుగు క్రైస్తవ సంఘములలో నొక మాట వాడుకయై యున్నది. ఎవడైనను లేఖనమునందొక చిక్కును చూపి యిది యెట్లు పొసగునని యడిగినచో, అడుగకుము, నమ్ముమని ప్రత్యుత్తరము వచ్చును. అడిగినవాడు చిన్నవాడైనచో కూర్చుండుమందురు. పెద్దవాడైనచో వాని విశ్వాసము చల్లారినదని వానికొఱకు సభలో ప్రార్థన పెట్టుదురు. (ఈ ప్రార్థన కొన్నివేళల కూర్చుండుమనుటకంటె కఠినము.) ఈ యాచారము భక్తి కాదనియు, వీరు కాపాడుచున్నామని చెప్పు గ్రంథమునకే యిది విరుద్ధమనియు మేము చెప్పదలచితిమి.

దూరపు దృష్టాంతములేల? విశాఖపట్టణమునందలి మల్కాపురమును దీసికొందము. సమీపముననే నౌకానిర్మాణశాల, 1957లో కాల్టెక్సువారు నెలకొల్పగా తరువాత హిందూస్థాన్ పెట్రోలియమువారిదైన చమురుశుద్ధి కర్మాగారము, వీనినాశ్రయించి బ్రదుకు కార్మికుల యిండ్లు. 1997 సెప్టెంబరు 14వ తేది ఆదివారము. ఆ యుదయమున కర్మాగారములో వంటవాయువు వెలువడి యంటుకొనెను. ఏబదిమందికి పైగా మరణించిరి. జనులు బిడ్డలను చంకనిడుకొని యిల్లు వాకిళ్లు విడిచి పరుగిడిరి. మరల 2013 ఆగస్టు 23న అచ్చటనే, నీటిని చల్లార్చు గోపురమునొద్ద అగ్ని చెలరేగి యిరువదిమందికి పైగా పనివాండ్రు ప్రాణములు గోల్పోయిరి.

ఇట్టి దినముల తరువాత కొన్ని ప్రసంగపీఠములనుండి వెలువడు బోధ యందఱెఱిగినదే. పట్టణము పాపముతో నిండెను గనుక దేవుడు కోపించెననుట. వాయువెట్లు వెలువడెనో విచారించుట అధికారుల పనియనియు, చచ్చినవారి పాపమెంతయో తూచుట తమ పనియనియు వీరు తలంతురు గాబోలు! భర్తను గోల్పోయిన స్త్రీ లేచి, అయ్యా, ఆయన చేసిన పాపమేమి? అని యడిగినచో మాత్రము, దేవుని ప్రశ్నింపరాదందురు. తామే యొక తీర్పు చెప్పి, ఆ తీర్పునకు సాక్ష్యమడిగినవారిని దైవద్రోహులనుట యే న్యాయము?

లూకా సువార్త పదుమూడవ యధ్యాయమును వీరు చదువలేదా? యెరూషలేములో సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిరి. వారు తక్కినవారికంటె నెక్కువ దోషులని తలంచుచున్నారా యని యేసు తన్ను వినుచున్నవారిని ప్రశ్నించి, కాదని తానే తేల్చి చెప్పెను. గోపురమునొద్ద చచ్చిన కూలివారినిగూర్చి యింతకంటె స్పష్టమైన మాట యే గ్రంథమున దొరకును? పూర్వపక్షులు వెంటనే, ఆ తరువాతి మాటను చదువుడు, మారుమనస్సు పొందనిచో మీరును నశింతురని యాయన హెచ్చరింపలేదా? యందురు. హెచ్చరించెను. కాని యెవరిని? బ్రదికియుండి వినుచున్నవారిని. చచ్చినవారి మీదినుండి వ్రేలు తీసి, చూపువాని మీదికి త్రిప్పెను. ఆ వ్రేలును మరల సమాధుల వైపునకు ద్రిప్పు బోధకుడు ఎవరి శిష్యుడు?

అతడెవరి శిష్యుడో యోబు గ్రంథము చెప్పుచున్నది. పెనుగాలికి ఇల్లు కూలి యోబు పదుగురు బిడ్డలును చచ్చిరి. బిల్దదు వచ్చి, నీ బిడ్డలు పాపము చేసినందున దేవుడు వారినట్లు చేసెనను భావము పలికెను. తండ్రి యెదుట! యోబు మాత్రము దేవునితో వాదించెను. తాను పుట్టిన దినమును శపించెను. తనకు న్యాయము కావలెననెను. మన సంఘములలోనైనచో నతని కెన్ని ప్రార్థనలు పెట్టియుందురో! తుదకు దేవుడు పలికినదేమి? తన పక్షమున వాదించిన స్నేహితులపై కోపించి, యోబు పలికినట్లు మీరు యుక్తముగా పలుకలేదనెను. మనవారు మొదటి రెండధ్యాయములను, చివరి యధ్యాయమును చెప్పి, నడుమనున్న ముప్పదితొమ్మిదింటిని దాదాపుగా దాటిపోవుదురు. ఓర్పుగల యోబు కావలెను, అడిగిన యోబు వలదు.

అడిగినచో పామరుల విశ్వాసము చెడునని మఱియొక యాక్షేపణ. పామరులకు ప్రశ్నలు పండితులు నేర్పుచున్నారను భ్రమ దీనికి మూలము. ఆస్పత్రి వాకిట కూర్చున్న తల్లికి ప్రశ్న నెవరు నేర్పవలెను? అదియుగాక మన తెలుగు లేఖనము పుట్టినదే ప్రశ్నలలో. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను లండను మిషనువారు ఈ విశాఖపట్టణమునకే వచ్చి తెలుగు నేర్చిరి. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు వారికి తోడ్పడెను. 1809లో నొకరు, 1810లో నొకరు దొరలిద్దఱును మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఈ మాటకు అర్థమేమి, ఆ భావమునకు మన భాషలో మాట యేది, అని యడుగక యొక్క వాక్యమైనను తెలుగైయుండునా? సిలోయము గోపురపు కథయు ఆ లూకాలోనిదే.

ఇక నన్ని ప్రశ్నలకును సమాధానములున్నవని మేమనుట లేదు. మొదటి సమూయేలు పదునైదవ యధ్యాయమున, అమాలేకీయుల స్త్రీలను, చంటిబిడ్డలను సహితము చంపుమని సౌలునకు దేవుని పేర ఆజ్ఞ వచ్చినది. అమాలేకు అనగా మన శరీరాశలని కొందఱు చమత్కరింతురు. చంటిబిడ్డ యే యాశకు గుఱుతో వారు చెప్పలేదు. ఆ కాలపు జనులు తమ యుద్ధమునే దైవాజ్ఞగా నెంచిరని కొందఱు పండితులందురు. అట్లనినచో తక్కిన యాజ్ఞలమాట యేమని వెంటనే మఱియొక ప్రశ్న పుట్టును. ఇది నిజముగా కష్టము. కష్టమని సంఘములో పైకి చెప్పుటకేమి భయము? బెరయ పట్టణపువారు పౌలు చెప్పినది నిజమో కాదో యని ప్రతిదినము లేఖనములను శోధించిరని అపొస్తలుల కార్యములు వారిని మెచ్చుకొనుచున్నవి. పౌలు పొందిన పరీక్షను మన బోధకులేల పొందరాదు?

సంఘకాపరులను మేము కోరునది స్వల్పము. ప్రసంగమునకు పిమ్మట అర్ధగంటసేపు వినువారిని మాటాడనిండు. ఆదివారపు బడిలో అమాలేకు బిడ్డలనుగూర్చి యడిగిన పిల్లవానిని వెలుపలికి పంపకుడు. సెప్టెంబరు 14వ తేది వచ్చినపుడు మల్కాపురములో లూకా పదుమూడవ యధ్యాయమును చదివి, చచ్చినవారి బంధువులను ముందు వరుసలో కూర్చుండబెట్టి, మొదట వారిని పలుకనిండు.