చెట్టుకు మూడున్నర రూపాయలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్టు విలువ ఎంత? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఒక ప్రభుత్వం 1,500 రూపాయలంది. 2019 సెప్టెంబరులో ఇంకో ప్రభుత్వం వచ్చి కాదు, 3,000 అంది. చెట్టు అదే, దాన్ని కూల్చిన గాలీ అదే. మధ్యలో మారింది ముఖ్యమంత్రి ఒక్కరే.

ఆ రెండు అంకెల మీద 2019 నుంచి మన దగ్గర నడుస్తున్న వాదన వినీ వినీ విసుగొచ్చింది. ఎవరు ఎక్కువ ఇచ్చారు, ఎవరి జాబితాలో ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎగిరిపోయింది. పలాస కాశీబుగ్గ టీ దుకాణం నుంచి శాసనసభ దాకా ఇదే చర్చ. మూడో అంకె ఒకటుంది. దాని ఊసు ఏ పార్టీ ఎత్తదు, ఏ సంపాదకీయంలోనూ కనపడదు. మూడున్నర రూపాయలు.

కొబ్బరి అభివృద్ధి బోర్డు, భారత వ్యవసాయ బీమా కంపెనీ కలిసి కొబ్బరి చెట్టుకు బీమా పథకం నడుపుతున్నాయి. 2009-10లో ప్రయోగాత్మకంగా మొదలైంది. అప్పుడు పెట్టిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. పదహారేళ్ల నుంచి అరవయ్యేళ్ల చెట్టుకు ఏడాది ప్రీమియం 14 రూపాయలు. అందులో సగం బోర్డుది, పావు రాష్ట్రానిది. రైతు చేతి నుంచి పడేది మిగిలిన పావు, అంటే మూడున్నర. చెట్టు చస్తే వచ్చేది 1,750. నాలుగు నుంచి పదిహేనేళ్ల చెట్టయితే రైతు వాటా రెండుంపావలా, పరిహారం 900. తుపాను, వరద, తెగులు, పిడుగు అన్నీ ఇందులో ఉన్నాయి.

ఎకరాకు 70 చెట్లు అనుకుందాం. రైతు ఏడాదికి కట్టేది 245 రూపాయలు. తోట మొత్తం పోతే రావలసింది లక్షా ఇరవై రెండు వేల ఐదొందలు. దయ తలిచి ఇచ్చేది కాదు, పాలసీ కాగితం మీద రాసి ఉన్న హక్కు. ఈ పథకం లేనివాడికి 2022-26 విపత్తు సహాయ నిధి నిబంధన ప్రకారం ఏమొస్తుంది? తోట పంటలకు హెక్టారుకు 22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. హెక్టారుకు 175 చెట్లు వేసి భాగిస్తే చెట్టుకు 130 రూపాయలు కూడా రావు. ఆ పైన ఇచ్చేదంతా రాష్ట్ర ఖజానా ఓపిక, ఎన్నికల దూరం.

ప్రభుత్వం వైపు నుంచి లెక్క వేయండి. చెట్టు బీమాలో రాష్ట్రం వాటా కూడా ఆ మూడున్నరే. పడిపోయిన ఒక్క చెట్టుకు ప్రకటించిన 3,000 రూపాయలతో అదే చెట్టుకు 857 ఏళ్ల పాటు రాష్ట్ర వాటా కట్టొచ్చు. ఎనిమిది వందల యాభై ఏడేళ్లు! రైతు వాటా కూడా తానే కట్టినా 428 ఏళ్లు. ఏ ఆర్థిక శాఖ అధికారి అయినా కాలిక్యులేటర్ తీసి నొక్కి చూసుకోవచ్చు.

"మన రైతుకు బీమా అలవాటు లేదండీ" అంటారు పెద్దలు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. మందస, కంచిలి, కవిటి ఏ మండలంలోనైనా రైతు బ్యాంకు పాస్‌బుక్కు తీసి చూడండి. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏటా 20 రూపాయలు, జీవన జ్యోతికి 436 రూపాయలు వాటంతటవే కోత పడి ఉంటాయి. సంతకం ఎప్పుడు పెట్టాడో కూడా చాలామందికి గుర్తుండదు. మనిషికి 20 రూపాయలు కోయడం వచ్చిన బ్యాంకుకు చెట్టుకు మూడున్నర కోయడం రాదా? అలవాటు లేనిది రైతుకు కాదు. తుపానుకు ముందు ఖర్చు పెట్టడం సర్కారుకు అలవాటు లేదు. ప్రీమియం కట్టిన రోజు ఫొటో రాదు, చెక్కు పంచిన రోజు వస్తుంది.

తిత్లీ తర్వాత వజ్రపుకొత్తూరు మండలంలో ఒక తోటలో నష్టాల లెక్క జరుగుతుంటే చూశాను. పడిన చెట్లను వరసగా లెక్కేసి కాగితం మీద గీతలు పెడుతున్నారు. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. గట్టు పక్కన ఒక చెట్టు నిటారుగా ఉంది. తల మాత్రం తిప్పి వదిలిన గొడుగులా మెలిపడి, మొవ్వు పక్కకు వాలింది. దానికి గీత పడలేదు. ఆ తోట ముసలాయన వెనకాలే నడుస్తూ, "నిలబడ్డాది గానీ దానికి పానం నేదు బాబూ" అన్నాడు. రాసేవాడు తలెత్తలేదు. మొవ్వు విరిగిన కొబ్బరి బతకదని ఉద్దానంలో పిల్లాడికి కూడా తెలుసు. బోర్డు పథకం నిబంధనలో పడిపోవాలని లేదు. చెట్టు చచ్చినా, ఇక కాపుకు పనికిరాకపోయినా నష్టమే. ఆ రోజు ముసలాయన చేతిలో ఆ పాలసీ కాగితం ఉంటే గీత కోసం వెనకాల నడిచే పనుండేది కాదు, నిలదీసి అడిగేవాడు.

అసలు చిక్కు ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. మోటారు సైకిలు బీమా లాంటిది కాదు ఇది. వెయ్యి బళ్లలో ఏ పదో గుద్దుకుంటాయి, మిగతా వాళ్ల ప్రీమియంతో ఆ పదికీ ఇస్తారు. తుపానుకు ఒక్క రాత్రిలో తోటలన్నీ కూలతాయి. అందరికీ ఒకేసారి ఇవ్వాల్సి వచ్చే ప్రమాదం పేరు చెబితే బీమా కంపెనీ వెనకడుగు వేస్తుంది. సైబర్ బీమాలో ఇప్పుడు ప్రపంచమంతా కొట్టుకుంటున్నది దీనితోనే. 2024 జులై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపించి ఆగిపోయాయి. అదీ ఒకే గాలికి అన్ని చెట్లూ పడటమే. లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్ అంతకు ముందే జాగ్రత్త పడింది. దేశాలు వెనకుండి చేయించే భారీ సైబర్ దాడుల నష్టాన్ని పాలసీల్లోంచి మినహాయించాలని 2022లోనే తన సభ్యులకు చెప్పేసింది.

ఇలాంటి ప్రమాదానికి మందేమిటో మన దేశానికి తెలియక కాదు. అందరూ కలిసి ఒక నిధి పెట్టుకోవడం, దాని పైన పునర్బీమా తీసుకోవడం. అమెరికా జంట భవనాల దాడి తర్వాత విదేశీ కంపెనీలు తప్పుకుంటే, 2002లో ప్రభుత్వ పునర్బీమా సంస్థ జీఐసీ ఆధ్వర్యంలో ఉగ్రవాద నష్టాలకు ఉమ్మడి పూల్ పెట్టారు. 2015లో అణు ప్రమాదాలకు 1,500 కోట్ల పూల్ పెట్టారు. మన జిల్లాలోనే రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం అంటూ ఏళ్లుగా ఊళ్లు ఖాళీ చేయించే ప్రయత్నం నడుస్తోంది. కట్టని కొవ్వాడకు బీమా పూల్ సిద్ధంగా ఉంది. తాతల నాటి ఉద్దానం తోటలకు లేదు. విశాఖలో రాబోయే డేటా సెంటర్ల సైబర్ భద్రత గురించి, వాటి బీమా గురించి పేజీలకు పేజీలు రాస్తున్న మిత్రులకు నేను గుర్తు చేసేది ఇదే. ఆ కంపెనీలకు పాలసీ రాయడానికి ముంబయి నుంచి, లండన్ నుంచి మనుషులు దిగుతారు. అదే సముద్రం ఒడ్డున ఉత్తరంగా మూడు నాలుగు గంటలు ప్రయాణిస్తే వచ్చే సోంపేటకు ఎవరు దిగుతారు?

2025 అక్టోబరు 28 ఒకసారి గుర్తు చేసుకోండి. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది ఆ రాత్రే. అదే రోజు భూగోళం అవతల మెలిస్సా తుపాను జమైకాను ముంచింది. మన దగ్గర మర్నాటి నుంచి పంట నష్టం అంచనా బృందాలు, జాబితాలు, అభ్యంతరాలు. జమైకా అంతకు ముందే విపత్తు బాండ్లు తీసుకుని పెట్టుకుంది. తుపాను దారి, దాని కేంద్రంలో పీడనం ఎంతకు పడింది అన్నది చూసి, 15 కోట్ల డాలర్లు మొత్తం చెల్లించాలని తేల్చేశారు. ఎవరూ గీతలు గీయలేదు. అంత దూరం వద్దంటారా? నాగాలాండ్ ఉంది. అతి వర్షం కొలతకు ముడిపెట్టిన బీమా రాష్ట్ర ప్రభుత్వమే కొనుక్కుని, 2025లో కోటి రూపాయలు అందుకుంది. కోటి చిన్న మొత్తమే. కానీ ఆ పని చేసిన మొదటి రాష్ట్రం నాగాలాండ్. పొడవైన సముద్ర తీరం, ఏటా తుపాను హెచ్చరికలు, కంప్యూటర్ పాలన అని పేరున్న రాష్ట్రం మనది. విపత్తుల్లో మౌలిక వసతులకు ఉమ్మడి పూల్, అంతర్జాతీయ పునర్బీమా ఉండాలని పదిహేనో ఆర్థిక సంఘం కూడా రాసింది. ఆ సంఘం సిఫారసుల కాలం 2026 మార్చితో సరి.

తిత్లీ పల్లిసారథి, గొల్లపాడు వైపు తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతి 165 దాకా అని వాతావరణ శాఖే చెప్పింది. ఫలానా వేగం దాటితే ఫలానా మండలాల్లో నమోదైన చెట్లన్నిటికీ డబ్బు అని పాలసీలో రాసుకుంటే, ఆ కొలత చాలు.

ప్రీమియం 14 రూపాయలు ఉద్దానానికి చాలదనే వాదన నిజం. 1,750కి 14 అంటే ఏటా 125 చెట్లలో ఒకటి పోతుందన్న లెక్క. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ చూసిన నేలకు ఆ లెక్క కుదరదు. సరే, పదింతలు చేయండి. రాష్ట్ర వాటా 35 అవుతుంది. అప్పుడూ ఆ 3,000తో 85 ఏళ్లు కట్టొచ్చు. ఏడేళ్లు పెంచితే గాని కాయని చెట్టుకు 1,750 ఏ మూలకు అన్నదీ నిజమే. పెంచమని బోర్డును అడగండి. అడగాలంటే ముందు పథకంలో ఉండాలి. బీమా కంపెనీలు కొర్రీలు పెడతాయంటారు. పెడతాయి. జాబితాలో పేరు గల్లంతైనవాడికి ఆ కొర్రీ మీద పోట్లాడే వీలు కూడా లేదు కదా. ఫసల్ బీమా ఉందిగా అనే వాళ్లకు ఒక్క మాట: అది ఒక పంటకాలం దిగుబడి లెక్క. మన రాష్ట్రం 2020లో దాన్ని వదిలి 2022లో మళ్లీ చేరిన కథ అందరూ ఎరిగిందే. కూలిన చెట్టుతో పోయేది ఒక కాపు కాదు, ఏడేళ్లు.

జీడిది ఇంకా అన్యాయం. పలాస పేరు దేశమంతా తెలిసింది జీడిపప్పుతో. తిత్లీకి హెక్టారుకు మొదట 30 వేలు, తర్వాత 50 వేలు అన్నారు, ఆ తేడా సొమ్ముకు మళ్లీ ఎదురుచూపులు. మహారాష్ట్రలో సింధుదుర్గ్, రత్నగిరి జీడి రైతుకు వాతావరణ బీమా ఉంది. మన జీడిపిక్కకు బీమా గురించి అడిగే నాయకుడు ఇన్ని ఎన్నికల్లో ఒక్కడు కనపడలేదు.

తుపాను మర్నాడు మోకాలి లోతు నీళ్లలో దిగి ఫొటో తీయించుకోవడం పరిపాలన కాదు. పడిన చెట్టుకు వేలంపాట పాడినట్టు నేను 1,500, నేను 3,000 అని అరవడం అంతకంటే కాదు. రైతును చేయి చాచేవాడిగా ఉంచితేనే చెయ్యి పైన ఉంటుందన్న తెలివి ఇది. రెండు పార్టీలకూ ఈ తెలివి సమానంగానే ఉంది.

వ్యవసాయ మంత్రి టెక్కలి శాసనసభ్యులు. కేంద్ర మంత్రివర్గంలో మన ఎంపీ ఉన్నారు. ఉద్దానంలో బీమాకు అర్హమైన చెట్లు పది లక్షలనుకున్నా, రాష్ట్ర వాటా, రైతు వాటా రెండూ సర్కారే కట్టినా ఏడాదికి 70 లక్షలు. దానికి ఒక్క జీవో కావాలి. అది వచ్చే అక్టోబరుకు ముందు రావాలి.