అడవినిగూర్చిన విజ్ఞాన మెవరి సొత్తు?

దేశమునకు అడవు లెంత యవసరమో, అడవులనుగూర్చిన జ్ఞానమును అంత యవసరము. పండిన పంటను గాదెలో బోసి తాళము వేసినచో ఇంటివారి యాకలి తీరదు. అట్లే పరిశోధన యెంత జరిగినను, అది ప్రజల భాషలో ప్రజల చెంతకు రానియెడల దానివలన దేశమునకు గలుగు మేలు స్వల్పము. పండితులు కొలుతురు, తూతురు, లెక్కింతురు, వ్రాయుదురు. ఆ వ్రాత మఱియొక పండితుని బల్లమీదికి బోవును. ఏ యడవి యంచున పరిశోధన జరిగెనో ఆ యడవి యంచున నివసించు రైతునకు, గొఱ్ఱెలకాపరికి, బడిపంతులునకు దాని వాసనయైన సోకదు. దీపము క్రింద చీకటి యనుట కింతకు మించిన దృష్టాంత మేమి కావలయును?

వికారాబాదు, తాండూరు వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. ఆ నీరు తూర్పుగా బ్రవహించి, 1920లో నిర్మాణము ముగిసిన ఉస్మానుసాగరమును నింపి, హైదరాబాదు నగరమును దాటి, వాడపల్లికడ కృష్ణలో గలియుచున్నది. తాండూరు ప్రక్కగా బారు కాగ్నానది పడమటికి బోయి భీమానదిలో గలియుచున్నది. ఒకే సీమనుండి తూర్పునకు కొంత, పడమటికి కొంత పాఱిన నీరు తుదకు కృష్ణమ్మయొడినే చేరుచున్నది. ఇట్టి జలవిభాజక స్థానమున నున్న అడవి కేవలము అటవీశాఖవారి దస్త్రములలోని యొక సంఖ్య కాదు. అది కోట్లాది జనుల నీటికుండకు మూత.

అనంతగిరి శిరస్సున ఎఱ్ఱని తొఱ్ఱలరాయి యున్నది. భూశాస్త్రజ్ఞులు దీనిని లాటరైటు అందురు. దానిక్రింద దక్కను నల్లరాతి పొరలున్నవి. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము పొంగిన లావా ఘనీభవింపగా నేర్పడినవి. తాండూరు గనులలోని నాపరాయి అంతకంటెను ఎంతయో ప్రాచీనము, పురాతన సముద్రగర్భమున నిలిచిన సున్నపు మడ్డి గట్టిపడి రాయియైనది. ఎఱ్ఱని తొఱ్ఱలరాయి వాననీటిని పీల్చుకొని మెల్లమెల్లగా ఊటలుగా విడుచును. పైని చెట్లును, రాలిన ఆకులును వానదెబ్బను ఓర్చి, నీరు పరుగెత్తిపోకుండ నిలిపి, రాతికి దానిని త్రాగించును. చెట్టు పోయిననాడు వాన యంతయే కురిసినను, నీరు బురదయై ఒక్కమాఱుగా కొట్టుకొనిపోవును, ఊట యెండును. ఈ మాత్రము తెలుపుటకు మహాగ్రంథము లక్కఱలేదు. కాని మన బడిపిల్లవానిని ఈజిప్టు పిరమిడ్లనుగూర్చి యడిగిన చెప్పును. తన యూరి వాగు వేసవిలో నేల యెండెనని యడిగిన మిన్ను చూచును. దోషము బాలునిది కాదు, చెప్పనివారిది.

వికారాబాదు సీమలో జాతీయోద్యానము లేదు. తెలంగాణమున నున్న మూడును హైదరాబాదును అంటియున్నవి: కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము, మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు నొద్ద మృగవని. జింకలను జూచి సంతసించి మరలివచ్చువారు ఎందఱో కలరు. కాని ఏ గడ్డి తగ్గిన జింక తగ్గును, ఏ చెట్టు పండిన ఏ పక్షి వచ్చును అను సంగతులు తెలిసికొని వచ్చువా రెందఱు? హైదరాబాదునందే, అంతరించుచున్న జంతుజాతుల సంరక్షణకై కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువారి ప్రయోగశాల పనిచేయుచున్నది. మూషిక జింకలను పెంచి నల్లమల యడవిలో విడిచిన కార్యమున దానికిని పాలు గలదు. ఇట్టి ఘనకార్యము మన ముంగిట జరుగగా మన పఠనాలయములలో దానినిగూర్చి ఒక సాయంకాలమైన ముచ్చటించుకొంటిమా?

ఈ లోపము నేటిది కాదు. 1931-32 సంవత్సరములలో సలీం అలీగారు నిజాము రాజ్యమున సంచరించి పక్షులను పరిశీలించిరి. ఆ ఫలితములు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ఆంగ్లమున వెలువడినవి. శాస్త్రలోకమునకు అది గొప్ప నిధి. సలీం అలీగారి శ్రమను మేము తక్కువ చేయుట లేదు. కాని ఏ పల్లెల పొలిమేరలలో ఆ పక్షు లెగురుచుండెనో ఆ పల్లెలవారికి ఆ నిధిలో గవ్వయు దక్కలేదు. నాటి రాజ్యమున తెలుగుబడియే అరుదు. నేడు రాజ్యము మనది, భాష మనది, బడి మనది. నాటి సాకు నేడు చెల్లునా?

ప్రజలు విజ్ఞానమును పుచ్చుకొనువారు మాత్రమే కారు, ఇచ్చువారును అగుదురు. కడప సీమలోని కలివికోడి చరిత్ర దీనికి సాక్ష్యము. 1848లో శాస్త్రలోకమున కెక్కిన యీ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడదాయెను. నశించెననియే పండితులు తలచిరి. బొంబాయి సంఘమువారు పక్షిచిత్రములను గ్రామస్థులకు జూపి, వారి నడిగి, వారిమాట విని వెదకిరి. 1986 జనవరిలో లంకమల కొండలకడ ఐతన్న యను వేటగాడు ఆ పక్షిని రాత్రివేళ పట్టితెచ్చెను. భరత్ భూషణుగా రది కలివికోడియేయని గుర్తించిరి. ఎనుబదియాఱేండ్లు శాస్త్రమునకు కనబడనిది నిరక్షర కుక్షియని లోకము త్రోసివేయు మనిషి కంటికి గనబడినది. ఏలయన, పక్షి రాత్రించరమని పండితు లెఱుగక పగలు వెదకిరి. అడవివా డెఱుగును. పండితుడు తన పటమును ప్రజలముందు పఱచినందున ప్రజలు తమ జ్ఞానమును పండితునిముందు పఱచిరి. ఇచ్చిపుచ్చుకొనుట యన నిదియే.

పొరుగున నున్న కేరళమును చూడుడు. సైలెంటువ్యాలీ యడవిని ముంచి విద్యుత్తు తీయ సంకల్పించిన కాలమున, 1962లో స్థాపితమైన కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తువారు ఆ యడవి విలువను, విద్యుత్తునకు గల ఇతర మార్గములను లెక్కలతో విమర్శించి మలయాళమున ఊరూర జెప్పిరి. నదిమాట, వానమాట, సింహపుచ్ఛపు కోతిమాట బడులలో, బజారులలో చర్చనీయాంశములయ్యెను. తుదకు ప్రభుత్వము యోచన మార్చుకొనగా 1984లో అది జాతీయోద్యానమని ప్రకటింపబడెను. అక్కడ అడవిని కాపాడినది తుపాకి కాదు. ప్రజల కర్థమైన శాస్త్రము.

ఇక మన యింటిమాట. పూడూరు మండలమున దామగుండం రక్షితారణ్యములో సుమారు 2,900 ఎకరములు నౌకాదళమునకు ఒప్పగింపబడెను. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగుగారును, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారును శంకుస్థాపన కావించిరి. అది మిక్కిలి తక్కువ కంపనములుగల రేడియో తరంగములను పంపు కేంద్రము. సాధారణ రేడియో తరంగములు సముద్రజలమున చొరవు. సెకనునకు 3 వేలనుండి 30 వేల కంపనములుగల తరంగములు మాత్రము కొన్ని మీటర్ల లోతువఱకు చొచ్చుకొనిపోయి, నీట మునిగియున్న జలాంతర్గాములకు వార్త నందించును. ఆ తరంగముల పొడవు చాల పెద్దది గనుక ఎత్తైన స్తంభములును, విశాలమైన స్థలమును కావలయును. తమిళదేశమున తిరునల్వేలికడ 1990నుండి ఇట్టి కేంద్ర మొకటి పనిచేయుచున్నది.

దేశరక్షణ వలదను మూఢుడు దేశభక్తులలో నుండడు. మేమును అట్లనుట లేదు. కాని దామగుండం విషయమున జరిగిన చర్చను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కూలు చెట్లెన్ని యనుదానికి ప్రభుత్వమువారి లెక్క యొకటి, పర్యావరణవాదుల లెక్క మఱియొకటి. రెంటికిని పొంతన లేదు. తరంగములవలన మనుష్యులకును పశువులకును కీడని కొందఱు, ఏ కీడును లేదని కొందఱు. మూసీ యెండునని కొందఱు, చుక్కయు తగ్గదని కొందఱు. సామాన్యుడు ఎవరి మాట నమ్మవలయును? ఏ వాగులోని నీరెంత, ఏ చెట్లెన్ని, ఏ పక్షులెన్ని యను లెక్కలు ముందే తెలుగున అచ్చై గ్రామచావడిలో నుండినయెడల ఈ గందరగోళమునకు తావు లేకపోయెడిది. దేశరక్షణ కార్యములకు ప్రజాభిప్రాయ సేకరణనుండి 2006నాటి పర్యావరణ ప్రకటనయే మినహాయింపు నొసగుచున్నది. యంత్రముల రహస్యము రహస్యముగనే యుండనిండు. కాని నేరేడుచెట్ల సంఖ్య శత్రువునకు తెలిసిన దేశమునకు వచ్చు ముప్పేమి? చెప్పవలసినది చెప్పనిచోట భయము పుట్టును, భయమునుండి వదంతి పుట్టును. అపుడు నిజమైన హెచ్చరికయు వదంతులలో గలసి విలువ గోల్పోవును. ఇది ప్రజలకును నష్టము, ప్రభుత్వమునకును నష్టము.

లెక్క బహిరంగమైన దాని బలమెట్టిదో చేవెళ్ల మార్గమున జూచితిమి. హైదరాబాదునుండి మన్నెగూడ వఱకు రహదారి కిరువైపుల నున్న సుమారు 900 మఱ్ఱిచెట్లను స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కొక్కదానిని లెక్కించి, స్థానము గుర్తించి, లోకమునకు జూపిరి. రహదారి విస్తరింపవలయునను వారి గోడును కల్ల కాదు, ప్రాణములు పోయిన మార్గమది. అయినను ఆ లెక్క యుండుటచేతనే జాతీయ హరిత న్యాయస్థానమున వాదము చెట్టుచెట్టునకు నడచినది. లెక్క లేనిచోట చెట్టునకు నోరు లేదు, దాని పక్షమున పలుకువానికి మాట లేదు.

సామాన్యులకు శాస్త్రము తలకెక్కదని పెదవివిఱచువారు కలరు. వారిని తాండూరు కందిచేలకు బొమ్మందుము. ఏ విత్తనము, ఏ తెగులు, ఏ పదను అను మాటలను అక్కడి పరిశోధనస్థానమువారు రైతుతో రైతుభాషలో జెప్పుచున్నారు. రైతు వినుచున్నాడు, ప్రశ్నించుచున్నాడు, ఆచరించుచున్నాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ నేల గుణమే ఆ పప్పు గుణమని నేడు బజారునందు చిల్లరవర్తకుడును జెప్పగలడు. కందినిగూర్చిన శాస్త్రము తలకెక్కినవానికి కానుగనుగూర్చిన శాస్త్ర మెక్కదా? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పినవారును, 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మున్నగువానిని తెలుగున వెలువరించినవారును మన జనులయందు నమ్మకముంచిరి. నాడు అక్షరాస్యులు పిడికెడు. వారికున్న నమ్మకము నేటి కార్యాలయములకు లేకపోవుట వింత.

కావున మా కోరికలు స్పష్టముగా విన్నవించుచున్నాము. మొదటిది, రక్షితారణ్యములలోను జాతీయోద్యానములలోను పరిశోధనకు అనుమతి నిచ్చునపుడే, ఫలితముల సారాంశమును రెండు పుటలలో తెలుగున వ్రాసి స్థానిక గ్రంథాలయమునకును గ్రామపంచాయతీకిని సమర్పింపవలయునని అటవీశాఖవారు నియమము చేయవలయును. తాండూరు సరిహద్దు సీమ గనుక అచట ఉర్దూలోను కన్నడమునను అది యుండుట మేలు. రెండవది, 2002నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందు సమితి యుండవలయును, ప్రజల జీవవైవిధ్య దస్త్ర ముండవలయును. పాఠకులారా, మీ యూరి దస్త్రమును మీలో చూచినవా రెందఱు? దానిని ఏట నొకమాఱైన గ్రామసభలో చదివి, తప్పులు దిద్ది, క్రొత్తసంగతులు చేర్చవలయును. మూడవది, 2005నాటి సమాచారహక్కు చట్టపు నాలుగవ విభాగము, ఎవరును అడుగకముందే, స్థానిక భాషను దృష్టియం దుంచుకొని సమాచారమును వెల్లడింపుమని చెప్పుచున్నది. అడవులను ఇతర కార్యములకు మార్చు ప్రతి సందర్భమునను అధికారులు దానిని పాటింపవలయును. అరుదైన జంతువుల ఉనికిపట్టులు మాత్రము వేటగాండ్ర చేతబడకుండ దాచవచ్చును. దాచవలసిన దింతియే, తక్కినదంతయు ప్రజలది.

ప్రభుత్వముపై భారము వేసి మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. ప్రతి పఠనాలయమునను ఒక చిట్టా యుంచుడు. వాన యెప్పుడు కురిసెను, మోదుగు లెప్పుడు పూచెను, ఏ వలసపక్షి యే వారమున వచ్చెను, వాగు ఏ నెలలో నెండెను అని వ్రాయుడు. ఉపాధ్యాయులు పిల్లలచేత వ్రాయింతురుగాక. పదియేండ్ల చిట్టా పండితునకును అమూల్యము. అటవీ ఉద్యోగిని, పరిశోధకుని పిలిచి వారమున కొకదినము మాటాడింపుడు. అర్థము కానిచో మరల నడుగుడు. అడుగుటలో చిన్నతనము లేదు. అర్థముకాని మాటకు తలయూపుటలోనే చిన్నతన మున్నది.

అనంతగిరికి ఆదివారము వచ్చి, చల్లగాలి పీల్చి, కాగితపు పొట్లములను పాఱవైచి పోవువారికి ఆ కొండ విహారస్థలము. అడవిని కొలిచి పోవువారికి అది ప్రయోగశాల. ఎకరములలో లెక్కించువారికి అది స్థలము. కాని దాని నీడన పుట్టి పెరిగి దాని నీటిని త్రాగువారికి అది పిత్రార్జితము. పిత్రార్జితమునకు పత్రము లేనివాడు ఏ తగవునను నిలువలేడు. అడవినిగూర్చిన జ్ఞానమే ఆ పత్రము. దానిని మన భాషలో వ్రాయించుకొని, మన చావడిలో నుంచుకొని, మన బిడ్డలచేత చదివించుకొనుట మన పని. వికారాబాదు, తాండూరు పఠనాలయములు ఈ వర్షాకాలము కొఱకైన వేచియుండక నేడే యీ కార్యమునకు పూనుకొనునని మేము నమ్ముచున్నాము.