బ్యాగులు పట్టుకునేవాళ్లు

ఎక్స్‌కర్షన్ బస్సు దిగీ దిగగానే మనం రెండు జట్లయిపోతాం. గిర్రున తిప్పే రైడు దగ్గరికి పరుగు తీసేవాళ్లు ఒక జట్టు. వాళ్ల బ్యాగులూ కళ్లద్దాలూ పట్టుకుని కింద నిలబడేవాళ్లు ఇంకో జట్టు. ఈ రెండో జట్టుకు మనం పెట్టుకున్న పేరు 'పిరికివాళ్లు'. ఆ పేరు మానుకోవాలి.

తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో 'బ్రేక్ డాన్స్' అనే రైడు మనలో చాలామందిమి చూసే ఉంటాం. పెద్ద పళ్లెంలాంటి వేదిక ఒకవైపు తిరుగుతుంది. దాని మీద చక్రాలు ఎదురువైపు తిరుగుతాయి. చక్రాల చివర ఉన్న కుర్చీలు తమ ఇష్టమొచ్చినట్టు గింగిరాలు కొడతాయి. మూడూ కలిసేసరికి మరుక్షణం ఎటు విసురుతుందో కూర్చున్నవాళ్లకే తెలియదు. మజా అంతా అక్కడే ఉంది, కాదనం.

తెలుగులో 'కళ్లు తిరుగుతున్నాయి' అంటాం గానీ, అసలు గొడవ చెవిది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. వాటిలోని ద్రవం మనతోపాటే తిరుగుతుంది, కానీ రైడు ఆగినా అది వెంటనే ఆగదు. ఆగామని కళ్లు, ఇంకా తిరుగుతున్నామని చెవి. ఈ తగువులోంచే వికారం, వాంతి. కొందరికి ఇది ఎక్కువ, కొందరికి తక్కువ. పెద్దవాళ్లకన్నా ప్రైమరీ వయసు పిల్లలకు మరీ ఎక్కువ. సిమ్లాకో షిల్లాంగ్‌కో బదిలీ అయిన ఇళ్లలో ఘాట్ రోడ్డు ఎక్కగానే ఎవరికి కవరు అందించాలో అమ్మకు ముందే తెలుసు. ఆ పిల్లల్ని ఇంట్లో ఎవరూ పిరికివాళ్లు అనరు కదా!

ఒకసారి ఎక్కిస్తే భయం అదే పోతుందనే పెద్దవాళ్లున్నారు. ఎత్తు భయం కొంత పోవచ్చు. చెవిలోని ద్రవం మాత్రం ఎగతాళికి లొంగదు.

మన స్కూళ్లలో దీనికి ఇంకో చిక్కుంది. ఏడాది మధ్యలో టీసీ పట్టుకుని వచ్చి చేరేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. టీచర్లమూ అంతే, కొత్త స్టాఫ్‌రూంలో ఏ కుర్చీ ఎవరిదో తెలియక నిలబడినవాళ్లమే. కొత్తగా చేరినవాళ్లు రైడు కోసం లైనులో నిలబడేది చాలాసార్లు రైడు మీద ఇష్టంతో కాదు. ఎక్కితే జట్టులో కలుపుకుంటారని. 'నేను ఎక్కను' అనడానికి వాళ్లకు మనకన్నా రెట్టింపు ధైర్యం కావాలి.

ఒప్పులకుప్ప ఆడేటప్పుడు 'చాలు' అంటే చేతులు పట్టుకున్న స్నేహితురాలు నెమ్మదిస్తుంది. ఇక్కడ మీట ఆపరేటర్ చేతిలో ఉంటుంది. ఆ పాటల హోరులో, ఆ కేకల్లో మన కేక అతనికి సంతోషంగానే వినిపిస్తుంది. అందుకే వద్దనే మాట అడ్డుకడ్డీ వేయకముందే చెప్పాలి, చెప్పగానే పక్కవాళ్లు దారివ్వాలి. గేటు దగ్గర ఎత్తు కొలిచే గీత ఉంటుంది. గుండెజబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ఎక్కవద్దనే బోర్డూ ఉంటుంది. ఆ బోర్డు మాట వింటాం. పక్కనున్న స్నేహితుడి మాట వినడానికి మనకేం అడ్డం?

ఇష్టమున్నవాళ్లు హాయిగా ఎక్కండి, గొంతు పోయేలా అరవండి. కాకపోతే ఈసారి బ్యాగులు పట్టుకునే పని వంతులవారీగా పెట్టుకుందాం. రెండు రైడ్లు ఎక్కినవాళ్లు మూడో రైడుకు కింద నిలబడాలి. ఆ కాసేపట్లో కొత్త పిల్లల పేరేమిటో, ఏ ఊరినుంచి వచ్చారో అడగొచ్చు.