సెకన్లా? మిల్లీసెకన్లా?

- పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం

తమ్ముళ్లారా! హాస్టల్ సంచికలో ప్రోగ్రామింగ్ గొడవేమిటి అనుకోకండి. పోయిన సెమిస్టర్ వైవాలో నా ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఐదు సెకన్లు ఆగి కదలాల్సింది, పది నిమిషాలైనా కదల్లేదు. ఎగ్జామినర్ గారు చూసి చూసి తర్వాతి నంబరు పిలిచారు. "తెలుగు మీడియం వాడివి, నీకెందుకురా ఈ చదువు" అని ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అడుగుదామంటే ఎవరున్నారు?

తెల్లారి తప్పు దొరికింది. జావాస్క్రిప్ట్‌లో సెట్‌టైమవుట్‌కు 5000 అని ఇస్తే ఐదు సెకన్లు, ఎందుకంటే దాని లెక్క మిల్లీసెకన్లలో. ఆ అలవాటుతోనే పైథాన్‌లో స్లీప్‌కూ 5000 ఇచ్చాను. దాని లెక్క సెకన్లలో. అంటే 83 నిమిషాల 20 సెకన్లు నిద్రపొమ్మని నేనే చెప్పానన్నమాట!

"డాక్యుమెంటేషన్ చదవకపోవడం నీ తప్పే" అన్నాడు మా సీనియర్. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఆ ఫంక్షన్లు రాసినవాళ్లది. మెస్ ఇండెంట్‌లో "బియ్యం 50" అని రాస్తే వార్డెన్ గారు ఊరుకుంటారా? కిలోలా, బస్తాలా అని అడగరూ?

బాగా రాసినవీ ఉన్నాయి. 2004లో వచ్చిన జావా 5లో "టైమ్‌యూనిట్.సెకండ్స్.స్లీప్(5)" అని రాయొచ్చు, చదివితేనే అర్థమవుతుంది. 2011 నాటి సి++ క్రోనో ఇంకా నయం. యూనిట్ చెప్పకుండా ఉత్త 5 ఇస్తే కంపైలరే ఒప్పుకోదు. గో భాషలోనూ యూనిట్లున్నాయి గానీ, మరచిపోయి ఉత్త 5 ఇస్తే నోరు మూసుకుని ఐదు నానోసెకన్లు అనుకుంటుంది!

ఇంకొకటి, వరస. సెట్‌టైమవుట్‌లో పని ముందు, కాలం వెనక. ఇరవై లైన్ల పని రాశాక ఎక్కడో అడుగున బ్రాకెట్ పక్కన ఆ అంకె ఉంటుంది. మనమైతే "ఐదు నిమిషాలాగి గంట కొట్టు" అంటాం. కాలం ముందు, పని తర్వాత. నాకు ఆ వరసే కావాలి.

పాత ఫంక్షన్‌ను మార్చలేరు, నిజమే. లెక్కలేనన్ని వెబ్ పేజీలు దాని మీద నడుస్తున్నాయి. కానీ దాని పైన "ఆఫ్టర్‌సెకండ్స్(5, పని)" అని మన ఫంక్షన్ ఒకటి వేసుకోవచ్చు కదా! లోపల 1000తో గుణించి పాతదానికి అప్పజెప్పడమే, మూడు లైన్ల పని. కొత్త పేరు మళ్లీ నేర్చుకోవాలా అంటారు కొందరు. పేరులోనే సెకన్లని ఉంటే నేర్చుకునేదేముంది?

వైవా మార్కులు తిరిగి రాలేదు. ఆ మూడు లైన్లు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. కంప్యూటర్ కోర్సు తీసుకున్న తమ్ముళ్లెవరైనా ఉంటే ఆదివారం రండి, చూపిస్తాను.