ఒక్క మీట... ఒక్క దీపం

పోలింగుకు ముందు రోజు సాయంత్రానికి ఎన్నికల సిబ్బంది పెట్టెలు మోసుకుంటూ ఊళ్లోని బడికి చేరుకుంటారు. ఎక్కడో కాదు, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ మండలంలో. పాఖాల అడవుల పక్కన కోయగూడేలు, లంబాడీ తండాలు ఉన్న ఏజెన్సీ ప్రాంతమిది. శాసనసభ ఎన్నికల్లో ములుగు నియోజకవర్గం కిందికి వస్తుంది. 2023లో ఇక్కడ పోలింగ్ సాయంత్రం నాలుగింటికే ముగిసింది. అంటే ఉన్న సమయమే తక్కువ. అందులో గంటసేపు కరెంటు పోతే? ఏమీ కాదు. సిబ్బంది తెచ్చిన యంత్రానికి కరెంటుతో పనే లేదు మరి!

ఓటింగ్ యంత్రం గురించి తెలియంది ఎవరికి అనుకుంటాం. కానీ ఇంట్లో సెల్‌ఫోన్ ముందు తడబడే అవ్వ కూడా ఈ యంత్రం ముందు ఎందుకు తడబడదో ఎప్పుడైనా ఆలోచించారా?

సెల్‌ఫోన్‌లో తెర వెలుగుతూనే ఉండాలి. బ్యాటరీని తినేసే వాటిలో ముందు వరసలో ఉండేది ఆ వెలుగే. బొమ్మలు జరపాలి, మెనూలు తెరవాలి, 'ఓకే' నొక్కాలి. ఓటరు ముందుండే బ్యాలట్ యూనిట్‌లో అవేవీ లేవు. పేరు, ఫొటో, గుర్తు అన్నీ కాగితం మీదే ఉంటాయి. కాగితానికి బ్యాటరీ అక్కర్లేదు కదా! గుర్తు పక్కన నీలం మీట, దాని దగ్గరే చిన్న ఎర్ర దీపం. అధికారి తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్‌లో 'బ్యాలట్' మీట నొక్కితే ఓటరు వైపు పచ్చదీపం వెలుగుతుంది. ఓటరు మీట నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ శబ్దం వస్తుంది. అంతే! మళ్లీ అధికారి అనుమతిచ్చేదాకా ఎన్నిసార్లు నొక్కినా యంత్రం పలకదు.

చదువు రానివారికి గుర్తు, చూపు లేనివారికి బ్రెయిలీ అంకెలు, ఓటు పడిందో లేదోనన్న అనుమానానికి బీప్. తెలుగు, కోయ, లంబాడీ... ఏ భాషవారికైనా పద్ధతి ఒక్కటే.

అధికారి వైపు కాస్త ఎక్కువ మీటలున్నాయి. అయితే వాటిని అమర్చిన తీరు చూడండి. రోజంతా వాడే 'బ్యాలట్', 'టోటల్' మీటలు పైనే ఉంటాయి. పోలింగ్ ముగించే 'క్లోజ్' మీట మూత కింద. లెక్కింపు రోజు నొక్కే 'రిజల్ట్', అన్నీ చెరిపేసే 'క్లియర్' ఇంకో తలుపు వెనక, సీలు వేసి. పొరపాటున చెయ్యి తగిలే అవకాశమే లేదు. మన ఇళ్లలోని టీవీ రిమోట్లు చేసేవారు దీన్నొకసారి చూస్తే బాగుండు!

ఈ యంత్రానికి హైదరాబాద్‌తో గట్టి బంధమే ఉంది. 1967లో ఏర్పాటైన ఈసీఐఎల్ 1979లో తొలి నమూనా తయారుచేసింది. 1980 ఆగస్టులో రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించారు. 1982 మేలో కేరళలోని పరూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో యంత్రం మాటే లేదంటూ 1984లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. చట్టం మార్చి, 1989 నుంచి అనుమతించారు. బాంబే ఐఐటీ ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ప్రొఫెసర్లు ఏజీ రావు, రవి పూవయ్య దీని రూపు దిద్దినవారు. ఇక 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా ఈవీఎంలే.

తేలిక పద్ధతికి అసలు పరీక్ష పెట్టింది మాత్రం మన నిజామాబాద్ రైతులే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది! ఒక్కో బ్యాలట్ యూనిట్‌లో పట్టేది 16 పేర్లే. పాత తరం యంత్రానికి నాలుగు యూనిట్లే తగిలించగలరు, అంటే 64 పేర్లు. అందుకని కొత్త తరం ఎం3 యంత్రాలు తెచ్చి, ప్రతి కేంద్రంలోనూ 12 యూనిట్లు వరసగా కలిపారు. నాలుగు దాటితే ఒక్క బ్యాటరీ లాగలేదు. అయిదో యూనిట్‌లో ఒకటి, తొమ్మిదో దాంట్లో ఒకటి అదనంగా పెట్టాల్సిందే. ఓటరు పని మాత్రం మారలేదు... గుర్తు వెతుక్కోవడం, మీట నొక్కడం. ఆ వెతుక్కోవడమే కష్టమైంది పాపం. అయినా 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ గోడు వినిపించడానికి 480 మంది పోటీ చేస్తే బ్యాలట్ పత్రం ఏకంగా పుస్తకమైంది. దాంతో పోలిస్తే ఇది నయమే.

మరి ఇంత తేలికైన యంత్రాన్ని నమ్మడమెలా? లోపల ఏం జరుగుతోందో దీపం చెప్పదు కదా! హైదరాబాద్ ఇంజినీరు వేమూరు హరిప్రసాద్, అమెరికా, నెదర్లాండ్స్ నిపుణులతో కలిసి 2010లో ఇదే ప్రశ్న వేశారు. ఫలితం చూపించే అంకెల పలకను మార్చేస్తే తప్పుడు లెక్క చూపించవచ్చని చేసి చూపారు. అసలు పరిస్థితుల్లో అది సాధ్యం కాదని ఎన్నికల సంఘం వాదించింది. తర్వాత 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్ వచ్చింది. అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది. 2019 నుంచి లోక్‌సభ ఎన్నికల్లో అన్ని కేంద్రాల్లోనూ ఉంటోంది. నమ్మకానికి ఖర్చు మాత్రం కరెంటు రూపంలో కట్టాల్సి వచ్చింది. కంట్రోల్ యూనిట్‌కు ఏడున్నర ఓల్టుల బ్యాటరీ చాలు. కాగితాన్ని వేడిచేసి అచ్చువేసే వీవీప్యాట్‌కు 22.5 ఓల్టులది కావాలి.

తెర తక్కువైతే తికమక తక్కువే. కానీ ఉన్న ఒక్క అంకె సరిగ్గా అర్థంకాకపోతే ఏమవుతుందో 2024 అక్టోబరులో హర్యానాలో తేలింది. లెక్కింపు వేళ కొన్ని కంట్రోల్ యూనిట్లలో బ్యాటరీ 99 శాతం అని కనిపించింది. రోజంతా ఓట్లు వేశాక 99 ఎలా ఉంటుందని కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. ఎన్నికల సంఘం జవాబిచ్చింది. ఇందులో వాడేది సెల్‌ఫోన్‌లోలా చార్జింగ్ పెట్టే బ్యాటరీ కాదు, ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ రకం. ఓల్టేజి 8 నుంచి 7.4 మధ్య ఎంతున్నా యంత్రం 99 అనే చూపిస్తుంది. అంతకన్నా తగ్గితేనే 98, 97 అంటూ దిగుతుంది. 10కి చేరితే బ్యాటరీ మార్చమంటుంది.

సెల్‌ఫోన్ అలవాటైన కళ్లకు 99 అంటే 'ఇప్పుడే చార్జింగ్ తీశారు' అనే అర్థం. 'నిండుగా ఉంది', 'సగం', 'మార్చండి' అని మూడు మాటలు చూపిస్తే ఈ గొడవలో సగం తగ్గేదేమో!

పోలింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోతే ఏజెంట్లను పిలిచి, వారి కళ్లముందే మూత తీసి మారుస్తారు. అప్పటిదాకా పడ్డ ఓట్లు మెమరీలో భద్రంగానే ఉంటాయి. వరసలో ఉన్నవారు కాసేపు ఆగాలి, అంతే.