జుగారి క్రాస్ సినిమా వచ్చేలోగా

"అమ్మా, జుగారి క్రాస్ సినిమా తీస్తారంట, ఈసారి నిజంగానే" అని నేను చెప్పినప్పుడు అమ్మ వంకాయలు కోస్తా ఉండింది. తలెత్తకుండానే, "మీ నాయన కూడా ఇదే మాట చెప్తా ఉండె" అనింది.

నాయన పోయి నాలుగేళ్లయింది. ఆయన కొన్న జుగారి క్రాస్ ప్రతి ఇప్పటికీ బీరువాలో ఉంది. అట్ట ఊడిపోతే కాలెండర్ కాగితంతో మళ్లీ అట్ట వేసింది కూడా ఆయనే. పూర్ణచంద్ర తేజస్వి రాసిన ఈ నవల 1994లో వచ్చింది. కన్నడం చదివిన ఇండ్లలో దీని గురించి చెప్పనక్కర్లేదు. చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. సురేశ, గౌరి అని ఒక యువ రైతు జంట. మలెనాడు అడవుల్లో తోట పెట్టుకుని, పండించిన ఏలకులు అమ్ముకోవడానికి బయలుదేరతారు. ఒక్క రోజు కథ. ఆ ఒక్క రోజులో అడవి దొంగ సరుకు, దాని వెనకున్న మనుషులు, ఒక పాత కన్నడ కావ్యంలో దాగిన కెంపుల గుట్టు, అన్నీ వచ్చి ఈ ఇద్దరి మెడకు చుట్టుకుంటాయి. జుగారి అనేది మన జూదానికి చుట్టమైన మాటే. మొదలుపెడితే కింద పెట్టలేం.

మా నాయన కన్నడ మీడియం, నేనూ కన్నడ మీడియమే. ఇంట్లో మాట తెలుగు, పలక మీద అక్షరం కన్నడ. కోలారు వైపు చాలా తెలుగిండ్లు ఇంతే. అమ్మ మదనపల్లె వైపు నుంచి కోడలై వచ్చింది కాబట్టి ఆమెకు చదవడానికి వచ్చేది తెలుగే. కన్నడం చెవికి వచ్చు, నోటికీ వచ్చు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి బస్సు బోర్డు, అంగడి పేరు కూడబలుక్కుంటుంది. నవల అంటే మాత్రం కుదరదు. అట్ల ముగ్గురు మనుషులున్న ఇంట్లో రెండు లిపులు ఉండేవి. నాయన పుస్తకం పట్టుకుని తనలో తాను నవ్వుకుంటా ఉంటే అమ్మ, "ఏముంది అందులో, నాకూ చెప్పు" అనేది. ఆయన, "నేను చెప్తే బాగుండదులే. సినిమా వస్తాది, అప్పుడు చూద్దువు" అనేవాడు.

ఆ సినిమా రాలేదు. ఇన్నేండ్లలో మాటలు మాత్రం వచ్చినాయి. నాగమండల, జనుమద జోడి తీసిన టి.ఎస్. నాగాభరణ దీన్ని చిరంజీవి సర్జాతో తీస్తారన్న వార్త ఆ మధ్య వచ్చింది. నాయన ఆ పేపరు ముక్క పుస్తకంలోనే పెట్టుకున్నాడు. 2020 జూన్‌లో చిరంజీవి సర్జా చిన్న వయసులోనే పోయాడు. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో సినిమా గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు, 2025లో, గురుదత్త గాణిగ దర్శకత్వంలో రాజ్ బి. శెట్టితో తీస్తున్నామని మళ్లీ ప్రకటించారు.

అమ్మకు ఈ ఆలస్యం అర్థం కాదు. ఆమె కాలం వేరు. యండమూరి, యద్దనపూడి నవలలు చదివి పెరిగిన మనిషి. తెలుగులో పేరున్న నవల వస్తే సినిమా వెనకాలే వచ్చేది. మీనా 1973లో, సెక్రటరీ 1976లో, అభిలాష 1983లో, ఛాలెంజ్ 1984లో తెరకెక్కాయి. "మంచి నవల అయితే ముప్పై ఏండ్లు ఎందుకు ఊరికే ఉంటారు?" అని ఆమె అడిగేది న్యాయమైన ప్రశ్నే.

తేజస్విని సినిమా వాళ్లు ముట్టుకోలేదని కాదు. 1973లోనే ఎన్. లక్ష్మీనారాయణ్ అబచూరిన పోస్టాఫీసు తీశారు. గిరీశ్ కాసరవళ్లి తబరన కథె తీస్తే జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రమైంది. 2016లో కిరగూరిన గయ్యాళిగళు, 2023లో డేర్‌డెవిల్ ముస్తఫా వచ్చాయి. ఈ చివరిదానికి తేజస్వి అభిమానులే తలా కొంత డబ్బు వేసుకున్నారు. అయితే చూడండి, ఇవి ఎక్కువగా కథలు. కథలో ఒక మనిషి, ఒక ఊరు ఉంటే చాలు. జుగారి క్రాస్‌లాంటి నవలలో అడవి కూడా ఒక పాత్రే, ఘాట్ రోడ్డూ పాత్రే, ఏలకుల ధర కూడా పాత్రే. వాటికి డేట్లు ఇవ్వడానికి మేనేజర్లు ఉండరు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తేదీ చెప్పి తప్పడం చూసీ చూసీ అలవాటైంది. ఆలస్యమైనంత మాత్రాన సరుకు బాగుంటుందని లేదు, తొందరగా వస్తే చెడ్డదనీ లేదు. రాసిచ్చింది ఏమిటి, చేతికి వచ్చింది ఏమిటి అని పక్కపక్కన పెట్టి చూడటమే మా పని. ఈ సినిమాకు కూడా నేను థియేటరుకు అట్లే పోతాను. అయితే ప్రతి సీను పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టే మనిషిని కాను. పేర్లు మార్చనీ, వరస మార్చనీ. సెల్‌ఫోన్ లేని కాలం కథను ఈ కాలానికి తెచ్చినా పర్వాలేదు.

నా భయం ఒక్కటే. సురేశను హీరో చేస్తారేమో అని. నవలలో అతను పదిమందిని కొట్టే మనిషి కాదు. అప్పు, పంట, పెండ్లాం, బస్సు టైము వీటి మధ్య నలిగే మామూలు రైతు. తమ చుట్టూ ఏం జరుగుతుందో ఆ ఇద్దరికీ సగం కూడా తెలియదు. చదివే మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. గుండె కొట్టుకునేది అక్కడే. సురేశ చేతికి కత్తి ఇచ్చి, వెనక పెద్ద సంగీతం పెట్టి, అడవి దొంగలను వరసగా పడగొట్టిస్తే ఆ సినిమా బాగా ఆడొచ్చు గానీ అది జుగారి క్రాస్ కాదు. ఆ నవలలోని విలన్ ఒక మనిషి కాదు. కష్టపడి పండించినవాడు న్యాయంగా బతకాలన్నా జూదం ఆడక తప్పని పరిస్థితి. తేజస్వి మూడిగెరె దగ్గర కాఫీ తోట చేసుకుంటా బతికిన మనిషి కాబట్టి అది ఆయనకు బాగా తెలుసు. రాజ్ బి. శెట్టిని ఒందు మొట్టెయ కథెలో బట్టతల మాస్టరుగా చూసినప్పటి నుంచి, మామూలు మనిషిని మామూలుగా ఉంచగల నటుడని నా నమ్మకం. అందుకే ఈసారి ఆశ కొంచెం ఎక్కువ.

ఇంకో మాట, ఇది మనలాంటి ఇండ్లకే. కేజీఎఫ్, కాంతార తర్వాత పెద్ద కన్నడ సినిమా ఏది వచ్చినా తెలుగులోకి డబ్ అవుతా ఉంది. ఇదీ కావచ్చు. హైదరాబాదు, విజయవాడల్లో చూసేవాళ్లకు అది కావాలి, నేను కాదనను. కానీ కర్ణాటకలో ఉన్న తెలుగిండ్లు దీన్ని కన్నడంలోనే చూడాలని నా మాట. కోలారులో తెలుగు సినిమా తెలుగులోనే ఆడితే ఎవరమైనా డబ్బింగ్ అడుగుతామా? మనకు రెండు చెవులూ ఉన్నాయి. అక్షరం రాని చోట చెవి పనికొస్తుంది. అమ్మకు తేజస్వి మలెనాడు కన్నడం చెవిన పడాలి, డబ్బింగ్ తెలుగు కాదు. ముప్పై ఏండ్లుగా ఆమెకు అందనిది లిపి ఒక్కటే, భాష ఎప్పుడూ అందుబాటులోనే ఉంది.

ఈ మాట రాస్తా ఉంటేనే నాకు అసలు తప్పు తెలిసింది. లిపి ఒక్కటే అడ్డమైతే, దాన్ని దాటించడానికి సినిమా దాకా ఎందుకు? చదివి వినిపిస్తే సరిపోయేది గదా. నాయనకు రెండు భాషలూ వచ్చు, సాయంత్రాలూ ఉండె. నేను మాత్రం ఏం చేశాను? తెలుగు అక్షరాలు నేర్పమని అమ్మ దగ్గరే కూర్చున్నాను, నా దగ్గరున్నది ఆమెకు ఒక్క పేజీ ఇవ్వలేదు. సినిమా వస్తుంది, వస్తుంది అని ఇద్దరం ఎదురుచూపును సాకు చేసుకున్నాం. నాయనను తప్పు పట్టడం లేదు. తాను చెప్తే పుస్తకం పాడవుతుందని ఆయన నిజంగానే నమ్మినాడు. ఇష్టమైన రచయిత మీద మర్యాద అది. కానీ ఆ మర్యాద వల్ల ఇంట్లో ఒక మనిషి బయటే నిలబడింది.

అందుకని పోయిన నెల నుంచి రాత్రి భోజనాలయ్యాక పుస్తకం తీస్తున్నాను. కన్నడం చూస్తా మా ఇంటి తెలుగులో చెప్పడం. మొదటి రోజు చాలా తడబడినాను. కన్నడంలో కెంపు అంటే ఎరుపు, మనకు కెంపు అంటే ముందు రాయే గుర్తొస్తుంది. ఏ చోట రంగు, ఏ చోట రాయి అని నేనే ఆగి ఆలోచించాల్సి వచ్చింది. తేజస్వి జోకులు కొన్ని తెలుగులో చచ్చిపోతాయి. అట్లాంటి చోట కన్నడ వాక్యమే చదివేస్తాను, అమ్మ నవ్వుతుంది. ఆమెకు అర్థమవుతుందని నాకు ముప్పై ఏండ్లుగా తెలుసు, అయినా ఆశ్చర్యం వేసింది.

ఏలకుల బేరం మాట వచ్చినప్పుడు అమ్మ నన్ను ఆపింది. మాకు ఒకప్పుడు టమాట ఉండేది. 15 కేజీల బాక్సులు టెంపోకు ఎక్కించి నాయన తెల్లారక ముందే కోలారు మండీకి పోయేవాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి ధర ఎంత పలికిందో అమ్మ చెప్పేసేది. "పండించేది మనం, మోసుకుపోయేది మనం, ధర చెప్పేది మాత్రం వాళ్లు. అందుకేనా ఆయనకు ఈ పుస్తకమంటే అంత ఇష్టం?" అనింది. నేను ఈ నవల ఐదారు సార్లు చదివినాను. నాకు అది థ్రిల్లరు. నాయనకు అది మండీ కథ అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇది సినిమా చూస్తే దొరికేదో లేదో చెప్పలేను. పక్కన కూర్చుని చదివితే దొరికింది.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. తమిళనాడులో ఉన్నవాళ్లకు కల్కి పొన్నియిన్ సెల్వన్ కావచ్చు. దానికీ ఎంతమందో ప్రయత్నాలు చేసి, చివరికి 2022లో మణిరత్నం చేతిలో తెర మీదకు వచ్చింది. అన్నేండ్లూ తమిళ అక్షరం రాని అవ్వలు ఎందరు ఆ కథ వినకుండానే ఉండిపోయారో. ఒడియా, మరాఠీ పుస్తకాలున్న ఇండ్లలోనూ ఇదే లెక్క. చదవగలిగినవాళ్లు చదివి చెప్పండి. బాగా చెప్పలేకపోయినా చెప్పండి. సినిమా వస్తే అప్పుడు అందరూ కలిసి పోయి, పుస్తకం తెలిసినవాళ్లుగా కొట్లాడుకోవచ్చు.

నిన్నటికి మాకు చివరి ముప్పై పేజీలు మిగిలినాయి. పుస్తకం తెరిస్తే అమ్మ వద్దనింది.

"చివర చెప్పొద్దు. అది తెర మీద చూస్తాను."

"ఈసారి కూడా రాకపోతేనో?"

"రాకపోతే నువ్వుండావు గదా, అప్పుడు చదువుదువులే" అని లేచి నీళ్లు పట్టడానికి పోయింది. పాత పేపరు ముక్కను గుర్తుగా ఆ పేజీలో పెట్టి పుస్తకం మూసినాను.