కసాఫత్, సాంద్రత, డెన్సిటీ.. గిలాస్ ఏది?

రంజాన్‌ల ఇఫ్తార్‌కు మా అమ్మీ గిలాసల ముందుగాల రూహ్ అఫ్జా పోసి, పైకెల్లి నీళ్ళు పోసేది. ఎర్రటి షర్బత్ అడుగునే ఉండేది. "చంచాతోని కలుపు బేటా" అనేది. ఎందుకు అడుగున ఉంటదని నేను అడగలే.

కోరుట్లల ఉర్దూ మీడియం బడిల చదివినప్పుడు కసాఫత్ తారీఫ్ జబానీ యాద్ చేసిన: కమియత్‌ను హజమ్‌తోని తక్సీమ్ చేస్తే వచ్చేది కసాఫత్. తారీఫ్ సహీ రాసిన, నంబర్లు పడ్డయి. కానీ కసీఫ్ అంటే మైలది, మురికిది అని కూడా మత్లబ్. నూనె సాఫ్‌గ ఉంటది కాబట్టే నీళ్ళ మీద తేల్తదని చాన్నాళ్ళు అనుకున్న!

జగిత్యాలల డిగ్రీ తెలుగుల చేసినప్పుడు 'సాంద్రత' అన్న లఫ్జ్ దొరికింది. సాంద్రమంటే చిక్కనిది. ఇంకో గల్తీ. నూనె నీళ్ళ కన్న చిక్కగనే జారుతది, అయినా పైనే తేల్తది గదా?

2022-23 కెల్లి మన సర్కారీ బడులల్ల ఇంగ్లీష్ మీడియం వచ్చింది. మొన్న సిరిసిల్లల మా ఆపా ఇంటికి పోయిన. ఎనిమిదో జమాత్ చదివే ఆమె బిడ్డ 'మాస్ పర్ యూనిట్ వాల్యూమ్' అని గడగడ చెప్పింది. దస్తర్‌ఖాన్ మీద సాలన్ చూపించి, "తర్రీ పైన ఎందుకు తేలింది బేటా?" అని అడిగిన.

"నూనె హల్కా ఉంటది మామూ."

"మరి ఒక డబ్బా నూనె, ఒక చంచా నీళ్ళు.. ఏది హల్కా?"

పిల్ల ఖామోష్.

పక్క కిరాణా దుకాన్ల తరాజు అడిగి తెచ్చినం. ఒకటే కొలత గిలాస్‌తోని వంద మిల్లీలీటర్ల చొప్పున తూచినం. నీళ్ళు వంద గ్రాములు. నూనె తొంభై రెండు దాక. తేనె నూట నలభై దాక. జాగ ఒకటే, వజన్ వేరే. అదే కసాఫత్. ఎక్కువ వజన్‌ది కిందికి పోతది, తక్కువది పైకి వస్తది.

తర్వాత రెండు గిలాసల నీళ్ళు తీసుకొని ఒకదాంట్ల ఆరు చంచాల చక్కెర, ఎర్ర రంగు కలిపినం. దాని మీద రెండో గిలాస్ సాదా నీళ్ళను చంచా వీపు మీదికెల్లి మెల్లగ పోసినం. ఎర్రవి కింద, తెల్లవి పైన నిలబడ్డయి. "నీళ్ళ మీద నీళ్ళా మామూ!" అన్నది పిల్ల.

ఒక ఫరక్ కూడా చెప్పాలె. చక్కెర నీళ్ళు కొంత వక్త్ అయినంక మెల్లగ కలిసిపోతయి. నూనె అట్ల కలవదు. కలవకపోవుడు వేరే సంగతి, పైన తేలుడు వేరే సంగతి. కితాబులల్ల రెండూ ఒకటే అన్నట్టు పిల్లల దిమాగ్‌ల పడుతున్నయి.

మర్వ్ షహర్ల అల్-ఖాజినీ 1121ల 'మీజాన్ అల్-హిక్మా' రాసిండు. పేరులనే తరాజు ఉన్నది. ద్రవాల కసాఫత్‌ను ఆయన తూచి, కొలిచి రాసిండు. తొమ్మిది వందల ఏండ్లయినంక మనం పిల్లలతోని తారీఫ్ బట్టీ పట్టిస్తున్నం.

ఉర్దూనా, తెలుగా, ఇంగ్లీషా అని మనం బహస్ చేస్తనే ఉన్నం. నేను రెండు జబాన్లల్ల చదివిన, మూడోదాంట్ల చదివే పిల్లను చూసిన. ఏ జబాన్ అయినా సరే, ఉస్తాద్ ముందుగాల తరాజు, గిలాస్ పిల్లల చేతికియ్యాలె. లఫ్జ్ తర్వాత చెప్పొచ్చు. దీనికి లాబొరేటరీ అక్కర లేదు, బడ్జెట్ అక్కర లేదు. వంటింట్ల ఉన్న సామాన్ చాలు.